నాలుగు చక్రాల కుటీర పరిశ్రమ

సోమశిలపేట బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుని, "వస్తుందండి, అక్కడ బయల్దేరిందట" అని అందరికీ చెప్పడం ఆదిశేషు ఉద్యోగం. పొద్దస్తమానం బస్సుల మధ్య ఉండే మనిషి కనక అతనికి కారు లేదు, కొనాలన్న ఆలోచనా లేదు. అలాంటివాడి ఇంటి ముందు ఒక కారు వచ్చి నిలబడింది. అది అతని బావమరిది గిరిధరానిది.

గిరిధరానికి పక్క జిల్లాలో సిమెంటు కొట్టు ఉంది. భార్యాపిల్లలతో కాశీ వెళ్తూ, రైలు సోమశిలపేటలోనే ఎక్కాలి గనక, కారును అక్కగారి ఇంట్లో వదిలాడు. వదిలేముందు దాని బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ కారంటే అతనికి అంత ఇది. కొని ఏడాది నిండిన రోజున దాని ముందు బల్ల వేసి కేకు కోయించిన మనిషి.

"బావా, అప్పుడప్పుడు స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తిప్పండి. లేకపోతే బ్యాటరీ పడుకుంటుంది. బజార్లోకి మాత్రం వద్దు," అన్నాడు తాళాలు ఇస్తూ. రైల్లో కూర్చున్నాక కిటికీలోంచి మళ్లీ అదే మాట అన్నాడు.

ఆదిశేషు మూడు రోజులు బుద్ధిగా వీధి చివరిదాకా తిప్పాడు. నాలుగో రోజు కారు తనంతట తనే బస్టాండు వైపు మళ్లినట్టు అతనికి అనిపించింది. తోటి ఉద్యోగులు చూస్తుండగా బస్టాండులోకి తీసుకెళ్లి, ఇన్నేళ్లుగా చూస్తున్న అలవాటు కొద్దీ, బస్సును పెట్టినట్టు ప్లాట్‌ఫారానికి ఆనించి పెట్టబోయాడు. గర్రుమని చప్పుడయింది. దిగి చూస్తే ఎడమవైపు రెండు చక్రాల అంచులూ కొబ్బరి కోరాంతో కోరినట్టున్నాయి. అవి మామూలు ఇనుప చక్రాలు కావు. అల్లాయ్ వీల్స్. వెండి రంగులో పువ్వు రేకుల్లా ఉండేవి.

"తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేద్దామండీ," అంది భార్య సుభాషిణి.

"కాశీలో ఉన్నవాడికి ఇది చెబితే తిరిగొస్తాడా అసలు? అక్కడే సన్యాసం పుచ్చుకుంటాడు. వాడు వచ్చేలోగా నేనే బాగుచేసేస్తాను," అన్నాడు ఆదిశేషు.

మెకానిక్కు దగ్గరికి వెళ్తే ఊరంతా తెలుస్తుందని ఫోన్లో వీడియోలు చూశాడు. వీడియోలో కుర్రాడు నవ్వుతూ, ఇది చాలా సులువు, ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు అన్నాడు. కడగాలి, ఎమరీ కాగితంతో రుద్దాలి, గాట్లలో లప్పం పెట్టాలి, మళ్లీ రుద్దాలి, ప్రైమరు కొట్టాలి, వెండి రంగు స్ప్రే చెయ్యాలి, పైన మెరుపు పూత వెయ్యాలి. రంగు టైరుకు అంటకుండా అంచు చుట్టూ పేకముక్కలు గుచ్చాలి. ఆదిశేషు కారును సిమెంటు దిమ్మెల మీదికి ఎత్తి, రెండు చక్రాలు ఊడదీసి, ఎవరికీ కనపడకుండా దాబా మీదికి మోసుకెళ్లాడు. రెండు రోజులు రుద్దాడు. అవి తళతళలాడేసరికి, కుడివైపు చక్రాలు వాటి పక్కన మాసిన పంచెల్లా కనిపించాయి. చేసేదేంలేక వాటినీ ఊడదీశాడు.

సరిగ్గా అప్పుడే ఆ జిల్లాలో 'ఇంటింటా పరిశ్రమ' పథకం ఊపందుకుంది. ఇంట్లో ఎవరైనా, ఏ వస్తువునైనా, మునుపటికంటే మెరుగైన స్థితికి తెచ్చిన యెడల అది పరిశ్రమ అగును అని ఉత్తర్వు. ఏ జిల్లాలో ఎక్కువ పరిశ్రమలు లేస్తే ఆ జిల్లా ముందున్నట్టు. పథకానికి జిల్లా సమన్వయకర్త జలసూత్రం వామనరావు. పేరు వామనరావేగాని గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. ఆ పొడుగు వల్లనే వీధిలో పోతూ పిట్టగోడ మీదుగా ఆదిశేషు దాబాను చూడగలిగాడు. వెంటనే గుమాస్తాను వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"తమరు చేపట్టిన ఈ కార్యక్రమము ఎంతకాలముగా నడుచుచున్నది?" అని అడిగాడు.

ఆదిశేషు చేతిలో ఎమరీ కాగితం ఉంది. ముక్కు మీద లప్పం ఉంది. "కార్యక్రమం ఏంలేదండి. మా బావమరిది కారు చక్రం రుద్దుతున్నాను."

"ముడిసరుకు బంధువర్గము నుండి సేకరణ," అని వామనరావు గుమాస్తాతో అన్నాడు. గుమాస్తా రాసుకున్నాడు. "ఈ పేకముక్కలు?"

"రంగు టైరుకి అంటకుండానండి."

"అనుబంధ సామగ్రి స్థానికముగా లభ్యము."

"ఇది అమ్మడానికి కాదండీ."

"మార్కెటింగు సమస్య కలదు. అదియు వ్రాయుము."

"పరిశ్రమ కాదండీ బాబూ. పొరపాటున గీసుకుంది, చెరుపుకుంటున్నాను. అంతే."

వామనరావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ కళ్లలో నిజంగానే తడి ఉంది. "తొలితరము పారిశ్రామికవేత్తలలో ఈ వినయము సహజము. పొరపాటు నుండి అవకాశమును సృష్టించుటయే కదా మా పథకము యొక్క మూలసూత్రము."

మర్నాడు ఆదిశేషు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంటికి బోర్డు వేలాడుతోంది. 'ఆదిశేషు చక్ర పునరుద్ధరణ కుటీర పరిశ్రమ' అని పచ్చరంగు అక్షరాలు. దిమ్మెల మీదున్న కారు అద్దానికి 'యంత్ర సామగ్రి, కదల్చరాదు' అని కాగితం అంటించి ఉంది. ఎదురింటివాళ్లు మెట్ల మీద కుర్చీలు వేసుకుని చూస్తున్నారు. ఎవరికీ తెలియకూడదని దాబా ఎక్కిన మనిషి తల వంచుకుని గబగబా ఇంట్లోకి దూరాడు.

"బోర్డు పెడుతుంటే చూస్తూ ఊరుకున్నావా?" అన్నాడు సుభాషిణితో.

"ఊరుకోలేదండి. అక్షరాలు వంకరగా ఉన్నాయని సరిచేయించాను," అంది ఆవిడ.

బోర్డు వెనకాలే శ్రామిక సంక్షేమ అధికారిణి వచ్చింది. ఆవిడ పేరు ప్రసూనాంబ. పరిశ్రమ అన్నాక కార్మికులు ఉండాలి, కార్మికులు అన్నాక వాళ్ల బాగోగులు చూడాలి. ఆవిడ ఇల్లంతా తిరిగి, కార్మికులెవరూ కనిపించక, చివరికి వంటింట్లో సుభాషిణి దగ్గర ఆగింది.

"ఆయన చక్రం రుద్దుతున్నప్పుడు మీరు నీళ్లందించారా?"

"అందించానండి. బకెట్లు బకెట్లు."

"చక్రం పట్టుకున్నారా?"

"దొర్లిపోతుంటే పట్టుకోనాండి మరి."

"అయితే మీరు కార్మికురాలు. యాజమాన్యం మీకు వేతనం ఎంత చెల్లిస్తోంది?"

సుభాషిణి కాస్త ఆలోచించింది. "పెళ్లయిన దగ్గర్నుంచి ఏమీ ఇవ్వలేదండి."

ప్రసూనాంబ కలం ఆగింది. "పనివేళలు?"

"కోడి కూయకముందు లేస్తానండి. ఆయన పడుకున్నాక పడుకుంటాను."

ప్రసూనాంబ తలెత్తి ఆదిశేషును చూసిన చూపుకు అతను రెండడుగులు వెనక్కి వేశాడు. తన ఉద్యోగ జీవితంలో ఇంత దారుణమైన యాజమాన్యాన్ని చూడలేదని ఆవిడ అక్కడే చెప్పింది. పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి కార్మికురాలికి యజమాని స్వయంగా టీ పెట్టి ఇవ్వాలని, మధ్యాహ్నం భోజనమయ్యాక గంటసేపు విశ్రాంతి ఉండాలని, ఆ గంటలో ఆవిణ్ణి ఎవరూ పిలవకూడదని ఆదేశించి వెళ్లింది.

మర్నాడు పది కాగానే సుభాషిణి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆదిశేషు టీ తెచ్చాడు. ఒక గుక్క తాగి, "అల్లం వెయ్యలేదా?" అంది. "కార్మికుల ఆరోగ్యం కూడా చూడాలి కదండీ."

ఈ హడావుడిలోనూ అతను పని మానలేదు. ప్రైమరు ఆరాక వెండి రంగు పలచగా, పొర మీద పొరగా కొట్టాడు. చివరి పూత వేసి దూరంగా నిలబడి చూసుకున్నాడు. నాలుగు చక్రాలూ షోరూములోంచి అప్పుడే తెచ్చినట్టున్నాయి. మొట్టమొదటిసారి అతనికి కాస్త గర్వమనిపించింది. ఆదివారం పొద్దున గిరిధరం దిగుతాడు. శనివారం రాత్రికి బిగించేస్తే చాలు అనుకుని డ్యూటీకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి దాబా ఖాళీగా ఉంది.

"వామనరావుగారు వ్యాను తెచ్చారండి. పట్టుబట్టలో చుట్టి మరీ తీసుకెళ్లారు. ప్రదర్శనలో పెడతారట," అంది సుభాషిణి.

"తీసుకెళ్తుంటే అడ్డం పడలేదా?"

"అప్పుడు నా విశ్రాంతి గంటండి. లేవకూడదు కదా."

జిల్లా ప్రగతి ప్రదర్శన హైస్కూలు మైదానంలో జరుగుతోంది. ఆదిశేషు పరుగున వెళ్లాడు. షామియానా నడిమధ్య, నాలుగు ఎర్ర దిండ్ల మీద, నాలుగు చక్రాలూ బంతిపూల దండలు వేసుకుని కూర్చున్నాయి. జనం వరసగా వచ్చి చూస్తున్నారు. ఒక పెద్దావిడ దణ్ణం పెట్టుకుంది. ఇంకొకావిడ, ఇంత పెద్ద మురుకుల గిద్ద ఏ పెళ్లిలో వాడతారని అడిగింది. ఒక పెద్దమనిషి చక్రాన్ని గోటితో తట్టి, పాతకాలంలో ఇంతకంటే గట్టిగా చేసేవాళ్లు అన్నాడు.

ఆదిశేషు వామనరావును పక్కకు పిలిచి చేతులు జోడించాడు. "అయ్యా, ఎల్లుండి మా బావమరిది వస్తాడు. కారు దిమ్మెల మీదుంది. చక్రాలిచ్చేయండి."

"ప్రదర్శిత వస్తువును వెనుకకు తీసుకొనిపోవలెనన్న దానిని కొనుగోలు చేయవలెను."

"కొంటానండి."

"ఉత్పత్తిదారు తన సరుకును తానే కొనిన అది అమ్మకము కాదు. అమ్మకము కానిది ఉత్పత్తి కాదు. ఉత్పత్తి కానిదానిని ప్రదర్శించుట మా వైపు నుండి తప్పిదమగును. తమరు నన్ను ఆ పరిస్థితిలోనికి నెట్టదలచుకున్నారా?"

"అయితే పరిశ్రమ మూసేస్తానండి."

వామనరావు జాలిగా నవ్వాడు. "మూయుటకు ముందు పరిశ్రమ ఖాయిలా పడవలెను. ఖాయిలా పడుటకు ముందు కొంతకాలము లాభములతో నడవవలెను. తమరు తొందరపడుచున్నారు. అంచెలంచెలుగా వెళ్లుదము."

ఆ సాయంత్రం గిరిధరం ఫోన్ చేశాడు. రైలు టైముకే నడుస్తోందట. గంగలో మునిగినప్పుడు కారు క్షేమంగా ఉండాలని కూడా కోరుకున్నాడట. "ఎలా ఉంది బావా అది?" అని అడిగాడు.

ఆదిశేషు దిమ్మెల మీదున్న కారును చూశాడు. "విశ్రాంతిగా ఉందిరా," అన్నాడు. బోర్డు, దండలు, ప్రసూనాంబ అన్నీ భరించవచ్చు. చక్రాల్లేని ఆ కారు ముందు గిరిధరం సంచులు పట్టుకుని నిలబడటం మాత్రం ఊహించుకోలేకపోయాడు. నోరు తెరిచి మొదట్లోనే చెప్పేసి ఉంటే పోయేదనిపించింది. కానీ ఇప్పుడు చెప్పాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

శనివారం పొద్దున్నే వామనరావు ఆఫీసు నుంచి కబురొచ్చింది. వెంటనే రమ్మని.

ఆఫీసు గదిలో ఒకే బల్ల ఉంది. బల్లకు ఇటు మెత్తటి కుర్చీ, అటు చెక్క కుర్చీ. వామనరావు మెత్తటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాత్రికి రాత్రి మనిషి చిక్కిపోయినట్టున్నాడు.

"తమ పరిశ్రమ జిల్లాకే తలమానికమని ఇంటింటా పరిశ్రమ సమన్వయకర్తగా అభినందించుచున్నాను," అన్నాడు. తరవాత లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, చెక్క కుర్చీలో కూర్చుని, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. గొంతు మారింది. "ప్రశాంత గృహ పథకపు అధికారిగా తమను సంజాయిషీ కోరుచున్నాను. నివాస గృహమునందు పరిశ్రమ నడుపుటకు తమకెంత ధైర్యము?"

ఆదిశేషుకు అర్థం కాలేదు. గుమాస్తా అతని చెవిలో చెప్పాడు. ఇళ్లన్నీ పరిశ్రమలతో చప్పుడైపోతున్నాయని పైనుంచి ప్రశాంత గృహమని కొత్త పథకం వచ్చిందట. ఇళ్లలో ఒక్క పరిశ్రమ కూడా ఉండకూడదట. దానికి అధికారి దొరక్క, అదనపు బాధ్యతగా వామనరావుకే ఇచ్చారట. ఎన్ని పెట్టించాడో ఆయనే చూపించాలి, ఎన్ని తీయించాడో కూడా ఆయనే చూపించాలి.

బంట్రోతు టీ తెచ్చి చెక్క కుర్చీ ముందు పెట్టాడు. "అది ఆ అధికారిది," అని వామనరావు మెత్తటి కుర్చీ వైపు చూపించాడు. బంట్రోతు టీ అటు పెట్టాడు. వామనరావు లేచి అటు వెళ్లి తాగాడు.

"ఈ పరిశ్రమను మూసిన యెడల నేను ఊరుకొనను," అన్నాడు టీ ముగించి. మళ్లీ చెక్క కుర్చీ దగ్గరికి వచ్చి, "ఉంచిన యెడల నేను మాత్రము ఊరుకొందునా?" అన్నాడు. అలా నాలుగైదుసార్లు తిరిగేసరికి ఆయాసం వచ్చి, బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు. "ఆదిశేషుగారూ, నాతో నాకు పడుట లేదు," అన్నాడు మెల్లగా.

ఆదిశేషుకు ఆయన మీద జాలేసింది. తన కష్టం కూడా గుర్తొచ్చింది. రోజూ కిటికీలో చెప్పే కబుర్లే నోటికొచ్చాయి. "అయ్యా, మా బస్సులున్నాయి కదండి. బయల్దేరాక అవి ఈ ఊళ్లోనూ ఉండవు, ఆ ఊళ్లోనూ ఉండవు. దారిలో ఉంటాయి. అప్పుడు ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేరు. ఈ పరిశ్రమని కూడా అలా దారిలో పెట్టేస్తే?"

"విశదీకరింపుము," అన్నాడు వామనరావు.

"చక్రాలు కారుకి బిగించేస్తే పరిశ్రమ కారులో ఉంటుందండి. ఇంట్లో ఉండదు. మూసినట్టూ కాదు."

వామనరావు రెండు కుర్చీల మధ్య నిటారుగా నిలబడ్డాడు. తల ఫ్యానుకు తగిలేలా ఉంది. ఒకసారి అటు తిరిగి తల ఊపాడు. ఒకసారి ఇటు తిరిగి తల ఊపాడు. "చలన పరిశ్రమ," అన్నాడు. "ఉభయ శాఖలకును ఆమోదయోగ్యము."

ఆదివారం పొద్దున వ్యాను వచ్చింది. వామనరావు దగ్గరుండి నాలుగు చక్రాలూ బిగింపించాడు. దిమ్మెలు తీయించి, అద్దం మీది కాగితం చింపించి, వెనక అద్దానికి కిందగా 'చలన పరిశ్రమ' అని చిన్న స్టిక్కరు అంటించాడు. బోర్డు విప్పించి వ్యానులో పడేయించాడు. చివర కొబ్బరికాయ కొట్టే వేళకు ఆటో ఆగి, గిరిధరం దిగాడు.

కారు ముందు కొబ్బరిచెక్కలు, దండలు, చేతులు జోడించి ఒక పొడుగాటి పెద్దమనిషి. చక్రాలు ఎండలో మెరిసిపోతున్నాయి. గిరిధరం సంచులు అక్కడే వదిలేసి కిందికి కూర్చుని, తువ్వాలుతో ఒక్కో చక్రాన్నీ తుడిచాడు.

"అక్కా, నేను కూడా ఇంత శ్రద్ధగా చూసుకోలేదే," అన్నాడు.

ఆదిశేషు ముందుకొచ్చాడు. "గిరీ, నీకో మాట చెప్పాలిరా. ఆ రోజు నేను బస్టాండుకి..."

"ఏం చెప్పొద్దు బావా," అని గిరిధరం అతన్ని గట్టిగా పట్టేసుకున్నాడు. పిల్లలు ఆకలంటున్నారు, పెళ్లాం పదమంటోంది. గబగబా టిఫిను తిని, కాశీ నుంచి తెచ్చిన దారాలు అందరి చేతులకీ కట్టి, బయల్దేరి వెళ్లిపోయారు. కారు మలుపు తిరిగాక ఆదిశేషు అరుగు మీద కూలబడ్డాడు. ఊపిరి తేలిగ్గా ఆడింది. కానీ చెప్పాల్సింది చెప్పలేదన్న గుబులు మాత్రం అలాగే ఉంది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"బావా, నిజం చెప్పండి. బస్టాండులో కారుని ప్లాట్‌ఫారానికి రుద్దేశారట కదా," అన్నాడు గిరిధరం.

ఆదిశేషు గుమ్మం వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఎవరు చెప్పార్రా?"

"మా జిల్లా ఆఫీసరు. సరిహద్దులో నాదస్వరం పెట్టి కారు ఆపారు బావా. మీ ఆదిశేషుగారి పరిశ్రమ మా జిల్లాకి తరలివచ్చింది అని నాకు దండ వేశారు. చలన పరిశ్రమ వస్తోందని మీ జిల్లా ఆఫీసు నుంచి ముందే కాగితం వచ్చిందట, స్టిక్కరు చూసి గుర్తుపట్టారట. మీ బస్టాండువాళ్లు చెప్పినదానితో సహా చరిత్రంతా అందులో ఉందట, ఆయనే చదివి వినిపించారు. గీతల దగ్గర్నుంచి."

"నాదే తప్పురా. చెబుదామనే అనుకున్నాను," అన్నాడు ఆదిశేషు.

"చక్రాలు గీసుకున్నందుకు కోపమే వచ్చింది బావా. దిగి ఫోన్ చేద్దామనుకున్నాను. ఈలోగా శాలువా కప్పారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా చూస్తుంటే శాలువా కప్పుకుని ఎలా తిడతాం?" గిరిధరం మాట మార్చాడు. "రేపు పేపర్లో ఫొటో వేస్తారట. పక్కన కారు కూడా ఉండాలన్నాను. కుడివైపు నుంచి తీస్తే బాగుంటుందంటారా, ఎడమవైపు నుంచా?"

"ఎడమవైపు నుంచి తియ్యమను. అటే ఎక్కువ రుద్దాను," అన్నాడు ఆదిశేషు. ఫోన్ పెట్టేశాక చాలా రోజులకు మనసారా నవ్వాడు.

రెండు రోజులయ్యాక వామనరావు ఒంటరిగా వచ్చాడు. గుమాస్తా లేడు. వంగి గుమ్మం దాటి, నేరుగా పెరట్లోకి వచ్చి, కూర్చోమనకుండానే అక్కడి బల్ల మీద కూర్చున్నాడు. జిల్లాలో ఉన్న గొప్ప పరిశ్రమ పక్క జిల్లాకు తరలిపోవడం మీద పైవాళ్లు సంజాయిషీ అడిగారట. ప్రశాంత గృహ పథకాన్ని కూడా నిన్ననే ఎత్తేశారట. ఇప్పుడు మళ్లీ పరిశ్రమలే కావాలట, అవీ వారం తిరిగేలోగా.

"తమ ఇంటియందు గీసుకొనిపోయినవి మరేవైనా కలవా?" అని దీనంగా అడిగాడు.

ఆదిశేషు అప్పుడు పెరట్లో పీట మీద కూర్చుని, చింతపండు పెట్టి ఇత్తడి బిందె తోముతున్నాడు. సగం నల్లగా, సగం బంగారంలా ఉంది. వామనరావు చూపు నెమ్మదిగా ఆ బిందె మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది. ముఖం విప్పారింది.

ఆదిశేషు గబుక్కున బిందెను వెనక్కి దాచుకోబోయాడు. ఈలోగా సుభాషిణి వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, వామనరావు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"రాసుకోండి. ఇత్తడి మెరుగు పరిశ్రమ. ఈసారి యజమాని నేనండి. కార్మికుడు అదిగో," అంది.

వామనరావు లేచి నిలబడి ఆవిడకు నమస్కారం చేశాడు. ఆదిశేషు ఇద్దరినీ చూశాడు. బిందెను మళ్లీ ముందుకు లాక్కుని, కాస్త చింతపండు తీసుకుని, ఆదివారాలు సెలవిస్తారా అని అడిగాడు.

"ముందు పరిశ్రమ నిలదొక్కుకోనివ్వండి, చూద్దాం," అంది సుభాషిణి.